లయ తప్పని గొలుసు

మోటారు కారు కొనేవారు రంగు చూస్తారు, కూర్చుండే చోటు చూస్తారు, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు నడుస్తుందని అడుగుతారు. యంత్రము ముందుభాగమున, మూత చాటున తిరిగే గొలుసును గూర్చి అడిగేవారు అరుదు. అయినను యంత్రమునకు లయ నిలిపేది అదే. మెకానిక్కులు ‘టైమింగ్ చైను’ అని పిలిచే ఆ గొలుసు కథను ఇప్పుడు ముచ్చటిస్తాము.

1876లో జర్మనీ దేశమున నికొలాస్ ఒట్టో నాలుగు ఘట్టముల యంత్రమును నడిపి చూపినాడు. ఇంధనము కలిసిన గాలిని పీల్చుట, అదుముట, మండించుట, పొగను వెడలగొట్టుట అనేవి ఆ నాలుగు ఘట్టములు. ఇవి పూర్తి అయ్యేసరికి క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరుగుతుంది; కవాటములను తెరిచే క్యాంషాఫ్టు ఒక్క చుట్టే తిరగవలె. నిమిషమునకు 3,000 చుట్లు తిరిగే యంత్రములో ఒక్కొక్క కవాటము సెకనుకు 25 మార్లు తెరుచుకుంటుంది. ఈ రెండింటిని జతకూర్చి నడిపేది గొలుసు. అది ఒక్క పన్ను దాటినా లయ చెడుతుంది. తెగినచో పలు యంత్రములలో కవాటములు పిస్టనులకు కొట్టుకొని వంగిపోతాయి.

కాలమును గొలుసుకు అప్పగించుట పాత ఆలోచనే. 11వ శతాబ్దమున చీనా దేశపు సు సాంగ్ తన గడియార స్తంభములో గొలుసును వాడినాడు. మనము నేడు చూచే రోలరు గొలుసును 1880లో ఇంగ్లండున మాంచెస్టరు నగరమున హాన్స్ రెనోల్డ్ రూపొందించినాడు. సైకిలును నడిపిన ఆ గొలుసే తరువాత కారు యంత్రములోనికి ప్రవేశించినది.

మన ప్రాంతమున నిజాం రైల్వే 1932లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా ఆరంభించినది. ఆ పిమ్మట అంబాసిడరు కారు వచ్చి, 1950ల చివరి నుండి 2014 వరకు తయారైనది. బి.ఎం.సి. యంత్రము అమర్చిన అంబాసిడరులో గొలుసే ఉండేది. 1962లో జర్మనీలో గ్లాస్ కంపెనీ గొలుసుకు బదులు రబ్బరు పట్టీని పెట్టినది. 1983లో వచ్చిన మన మారుతి 800 కూడ పట్టీబండియే. పట్టీ చప్పుడు చేయదు, కాని గడువున మార్చితీరవలె. 2008 తరువాత వచ్చిన కె-శ్రేణి యంత్రములతో మారుతి చిన్నకారులలోనికి గొలుసు మరల వచ్చినది.

ఒక ఉదయమున కొండపోచమ్మ దర్శనమునకు తీగుల్ నర్సాపూర్ పోతూ మేము జగదేవ్‌పూర్‌లో ఆగినాము. టీ త్రాగి వచ్చేసరికి ఒక షెడ్డు ముందు కిరాయి కారు ఒకటి, స్టార్టు చేసినంతనే గలగలమని మ్రోగినది. మెకానిక్కు చెవి ఒగ్గి విని, “అన్నా, చైను సాగింది. ఆయిల్ ఎప్పుడు మార్చినవ్?” అని అడిగినాడు. డ్రైవరు మాటలాడలేదు. కొలపుల్ల తీసి చూస్తే చమురు క్రింది గీతకు దిగువన, కీలు వలె నల్లగా ఉన్నది. ఒకపూట బండి నిలిస్తే కిరాయి పోతుందని మూడు మార్లు వాయిదా వేసినాడట. ఇప్పుడు యంత్రము ముందుభాగమంతా విప్పవలె. బండి దినముల తరబడి నిలిచిపోవలె.

‘గొలుసు సాగింది’ అన్నా ఇనుము సాగదు. కీలుకీలున పిన్నులు అరిగి, ఆ అరుగుదల అంతా కలిసి నిడుపు అవుతుంది. దానిని కాపాడేది చమురు ఒక్కటే. చాలా బండ్లలో గొలుసును బిగువుగా నిలిపే టెన్షనరు కూడ చమురు ఒత్తిడితోనే పనిచేస్తుంది. అందుచేతనే గొలుసుకు సాధారణముగా మార్పు గడువు వ్రాయరు. చమురు మార్పు గడువే దాని గడువు. తయారీదారు చెప్పిన కిలోమీటర్లు, నెలలు, ఈ రెండింటిలో ఏది ముందు వస్తే అప్పుడు, చెప్పిన రకము చమురునే పోయవలె. నడుమ నడుమ కొలపుల్ల చూడవలె. చల్లని యంత్రము గలగలలాడితే వెంటనే చూపించవలె. గొలుసు మార్చినప్పుడు టెన్షనరును, గైడులను కూడ మార్చి, పండ్లచక్రములను పరీక్షింపవలె. పాత కారు కొనేవారు చమురు మార్పుల లెక్క అడుగుట మరువరాదు.

బండి బ్రతుకుతెరువైన ఇంట ఆ నాలుగు లీటర్ల చమురు ఖర్చు కాదు. రేపటి కిరాయికి పెట్టుబడి.