ఆర్మూరు వలస కుటుంబముల అతిథిధర్మము

నవనాథ సిద్ధుల గుట్ట పాదమున, నాగపూరు–హైదరాబాదు రహదారియు నిజామాబాదు–జగిత్యాల రహదారియు కలిసికొను చోట వెలసిన మా ఆర్మూరు పసుపు పంటకు పేరొందినదని తెలుగువారందరు ఎరుగుదురు. 1973లో చమురు ధరలు పెరిగి, గల్ఫు దేశములలో నిర్మాణములు విస్తరించిన పిమ్మట, బావులెండిన రైతులు, మగ్గములు నిలిచిన నేతపనివారు దుబాయి, కువైటు, బహ్రేయినుల త్రోవ పట్టిరి. తొమ్మిది నెలలు నేలలో పెంచి, త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టిన కొమ్ములకు వచ్చిన ధర పాత అప్పునకే చాలనపుడు, వీసా కొరకు మరియొక అప్పు చేసిన ఇండ్లనేకములు.

ఈ వలసను గూర్చి వ్రాయువారు పంపిన ధనమును, పడిన కష్టమును లెక్కించుదురు. అంతకంటె గొప్పది, ఆ కుటుంబములు వెంట కొనిపోయిన అతిథిధర్మమని నా నమ్మకము. దుబాయి శివారున సోనాపూరు కార్మికవాడలో గాని, షార్జా ఇరుకు గదులలో గాని, ముందు పోయిన అన్న మంచము ప్రక్కన, నిన్న దిగిన తమ్మునికి చోటు దొరకెడిది. పని కుదురువరకు అతనిని మెస్సు డబ్బులడుగరు; జీతము చేతికందిన పిమ్మట అతడు ఆ ఋణము తీర్చవలసినది అన్నకు గాదు, తన తరువాత సూటుకేసుతో వచ్చు వేరొకనికి. కంపెనీ విడిచి ఖల్లివల్లియైనవానికి, అనగా అనుమతి పత్రములు లేక ఉండువానికి సైతము, ప్రమాదమని యెరిగియు, అన్నము పెట్టినవారు కలరు. ఇంటినుండి వచ్చిన సకినాలు, మామిడి తొక్కు, దంచిన పసుపు ఒక్కని సొత్తు కాజాలవు. మూట విప్పినవాడు గదిలో నందరకు పెట్టిన తరువాతనే తాను తినును.

1990 ఆగస్టు 2న ఇరాకు సేనలు కువైటు నాక్రమింపగా, సుమారు 1,70,000 మంది భారతీయులు అమ్మాను మీదుగా విమానములలో స్వదేశము చేరిరి. జీతపు బాకీలు, సామానులు అక్కడనే విడిచి వచ్చినవారు వారిలో నెందరో. వట్టిచేతులతో వచ్చినవానిని ఏమి తెచ్చితివని అడుగక, ముందు పీట వేయుట మా పల్లెల మర్యాద.

సెలవుపై ఒకడు వచ్చెనన్న, కొడుకులింకను అక్కడనే యున్న తల్లులు ఆ ఇంటికి వత్తురు. “మావోడు మంచిగున్నడా, బిడ్డా?” అను ప్రశ్నకు ముందు చాయ వచ్చును, తరువాత ఆ కొడుకు పంపిన సంచి వచ్చును, పిదప మంచివార్తలు వచ్చును; చెడ్డవార్త యున్నచో దానిని ఇంటి పెద్ద తరువాత వారింటికి స్వయముగా పోయి చెప్పును. ఈ క్రమమును ఎవరు నేర్పిరో గాని, ఇంతటి సంస్కారము నేను గ్రంథములలో చదివి యెరుగను.

ఇప్పుడు భార్యాబిడ్డలతో అక్కడ కాపురముండువారు బతుకమ్మ పండుగకు ఒంటరి కార్మికులను భోజనమునకు పిలుచుచున్నారు. తొలితరమువారు వృద్ధులైరి. ఎవరి గదిలో ఎవరు తొలిరాత్రి పరుండిరో, ఎవరి చేతి అన్నము తినిరో, వారు జీవించియుండగనే ఆర్మూరు చుట్టుప్రక్కల పల్లెలకు పోయి మన యువకులు వ్రాసికొనవలెను. అది లేక మా ఊరి చరిత్ర సంపూర్ణము కాదు.