సిల్క్ స్మిత: దేహం ఎవరిది, కెమెరా ఎవరిది?

సిల్క్ స్మిత (1960–1996) ఏలూరు దగ్గరి కొవ్వలిలో పుట్టారు. అసలు పేరు విజయలక్ష్మి. స్త్రీవాద కళ, దేహ రాజకీయాల గురించిన చర్చ ఎప్పుడూ ఢిల్లీ, ముంబై గ్యాలరీల నుంచే మొదలవుతుంది. కొవ్వలి నుంచి మొదలుపెడితే ప్రశ్నలే మారతాయని మేం అనుకుంటున్నాం.

జీవితం

నాలుగో తరగతితోనే చదువు ఆగింది. చిన్న వయసులోనే పెళ్లి చేశారు. ఆ కాపురం నుంచి బయటపడి మద్రాసు చేరి, టచప్ పనిలో కుదిరారు. 1980లో వచ్చిన తమిళ చిత్రం 'వండిచక్రం'లో ఆమె పాత్ర పేరు సిల్క్. ఆ పేరే అతుక్కుపోయింది. మొత్తం 450కి పైగా సినిమాల్లో నటించారు. సావిత్రి, సుజాత, సరితల్లా పాత్రలు చేయాలన్నది ఆమె కోరిక. 'సీతాకోకచిలుక' (1981) లాంటి సినిమాల్లో ఆ సత్తా కనబడింది. పరిశ్రమ మాత్రం ఎక్కువగా పాటకే పిలిచింది. 1996 సెప్టెంబర్ 23న మద్రాసులోని ఇంట్లో చనిపోయి కనిపించారు. అప్పటికి 35 ఏళ్లు. ఆమె జీవితం ఆధారంగా ప్రచారమైన 'ది డర్టీ పిక్చర్' 2011లో ఆమె పుట్టినరోజు డిసెంబర్ 2నే విడుదలైంది. జాతీయ అవార్డు విద్యాబాలన్‌కు వచ్చింది.

చూపులో కులం

హీరోయిన్ 'శీలం' నిలబడాలంటే పక్కన ఒక 'చెడ్డ' ఆడది కావాలి. ఈ విభజన సినిమా కనిపెట్టింది కాదు. దళిత స్త్రీలను ఊరుమ్మడి చేసిన జోగిని వ్యవస్థలో ఇది ఎప్పటినుంచో ఉంది. జెన్నీ రొవీనా 'డర్టీ పిక్చర్'పై రాసిన వ్యాసంలో స్మితను కులం కోణంలోనే చదివారు. స్మితది ఏ కులమో తేల్చడం మా ఉద్దేశం కాదు. కులం ఆ చూపులోనే ఉంది. మలయాళ తొలి కథానాయిక పి.కె. రోజీ దళిత స్త్రీ. నాయర్ స్త్రీ పాత్ర వేసినందుకు దాడి చేసి ఊరి నుంచి వెళ్లగొట్టారు. పై కులం పాత్ర వేస్తే రాళ్లు, 'చెడ్డ' పాత్ర వేస్తే ఈలలు.

తామే కెమెరా పట్టినప్పుడు

సోనియా ఖురానా 'బర్డ్' అనే వీడియోలో తన బరువైన నగ్న దేహంతో ఎగరబోయి పడుతూ ఉంటారు. ఆ దేహం ఎవరినీ మెప్పించదు. పుష్పమాల ఎన్. 2000–2004 మధ్య క్లేర్ ఆర్నీతో కలిసి, వలస పాలకులు కొలతలు వేసి తీసిన ఆదివాసీ స్త్రీ ఫొటోను తన దేహంతో తిరిగి కట్టి చూపారు. వీళ్లకు ఫ్రేమ్ మీద హక్కు ఉంది. స్మితకు లేనిది అదే. అయితే గ్యాలరీ తలుపు కూడా అందరికీ తెరుచుకోదు.

మన ఊళ్లలో

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతాల్లో సంక్రాంతి వచ్చిందంటే కోడిపందేల పక్కనే రికార్డింగ్ డాన్సులు. ఇప్పుడు ప్రతి చేతిలో ఫోన్ ఉంది. స్త్రీల ఆంతరంగిక భాగాలను అనుమతి లేకుండా చిత్రించడం ఐటీ చట్టం 66ఈ కింద నేరం. దళిత, ఆదివాసీ స్త్రీలను వారి ఇష్టానికి వ్యతిరేకంగా లైంగిక ఉద్దేశంతో తాకితే అట్రాసిటీ చట్టం 3(1)(డబ్ల్యూ) వర్తిస్తుంది. స్టేజి ఎక్కినంత మాత్రాన ఆమె ఒప్పుకున్నట్టు కాదు.

విద్యార్థులు ఏ వీడియో చూసినా, తీసినా మూడు ప్రశ్నలు అడగాలి: కెమెరా ఎవరి చేతిలో ఉంది? డబ్బు ఎవరికి వెళ్లింది? ఆమెను ఏ పేరుతో పిలవాలో ఆమెనే అడిగామా? విజయలక్ష్మిని ఎవరూ అడగలేదు.