ఉత్తరానికి పోయిన విమానం

"పగలు పన్నెండింటికి ఎక్కి సాయంత్రం ఐదింటికి దిగిండట. షికాగో ఇంత దగ్గరనా బిడ్డా?" అని అడిగింది కాచిగూడలో మా పక్కింటి అవ్వ. అది చలికాలం. మనవడు శంషాబాదులో నేరుగా పోయే విమానమెక్కాడు. అవ్వ చెప్పిన వేళలు నిజమే, కాకపోతే గడియారాలు రెండు.

ఆమె చిన్నతనంలో కాచిగూడకు దూరమంటే పట్టాల పొడవే. 1916లో కట్టిన ఇక్కడి రైల్వే స్టేషన్ నుంచి మీటర్‌గేజి బండ్లు మన్మాడ్ దాకా పోయేవి. పట్టా వంకర తిరిగినకొద్దీ దూరం పెరిగేది. ఆ బండ్లు నడిపిన నిజాం రైల్వే రైళ్లతోనే ఆగలేదు. 1932లో 27 బస్సులతో రోడ్డెక్కింది. 1945లో పుట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్‌లో పెద్ద వాటా దానిదే. మద్రాసుకు రైల్లో 700 కిలోమీటర్ల పైమాటే. బేగంపేట నుంచి ఆకాశమార్గాన దాదాపు 525 చాలు, డకోటా విమానానికి ఇంచుమించు రెండు గంటల ప్రయాణం. మన దేశపు తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్ నడిపినవి ఆ డకోటాలే. 1953 జాతీయీకరణతో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

ఆకాశంలో పట్టాలుండవు, మైలురాళ్లూ ఉండవు. మరి దూరం తేలేదెలా? రెండు ఊళ్ల అక్షాంశ రేఖాంశాలు, 6,371 కిలోమీటర్ల భూవ్యాసార్ధం ఉంటే చాలు. వాటిని కలిపేది హేవర్‌సైన్ సూత్రం. పేరు పరాయిదే గానీ, దానికి మూలమైన వెర్‌సైన్ మన సూర్యసిద్ధాంతంలోని ఉత్క్రమజ్యే. ఆ లెక్కన శంషాబాదు నుంచి షికాగో ఓహేర్‌కు సుమారు 13,280 కిలోమీటర్లు.

గంటకు 850 కిలోమీటర్ల వేగమనుకుంటే పదిహేనున్నర గంటల పైచిలుకు. ఎక్కడం, దిగడం, చుట్టుదారులు కలిపితే మరో గంట. ఎదురుగాలి తగిలినా, ఏ దేశమైనా తన గగనతలం మూసేసినా ఇంకా పెరుగుతుంది. ఎయిర్ ఇండియా 2021 జనవరిలో మొదలుపెట్టిన హైదరాబాద్–షికాగో విమానానిదీ ఈ లెక్కే ఉండేది.

పగలు పన్నెండుకు పదహారున్నర గంటలు కలిపితే మనకు తెల్లవారి నాలుగున్నర. చలికాలంలో షికాగో మనకంటే పదకొండున్నర గంటలు వెనక. తీసేస్తే అదే రోజు సాయంత్రం ఐదు!

అవ్వ నమ్మలేదు. పిల్లల గ్లోబు తెచ్చి, పూలు కట్టే దారం ఒక కొస హైదరాబాదు మీద, రెండో కొస షికాగో మీద పెట్టి బిగించి పట్టాను. గోడ మీది పటంలో అమెరికా పడమరన కనిపిస్తుంది. దారం మాత్రం పైకి జరిగింది. మధ్య ఆసియా, రష్యా దాటి, 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా మంచుసముద్రం మీదుగా ఎక్కి, గ్రీన్‌లాండ్, కెనడాల మీదుగా దిగింది.

అవ్వ దారం వెంట వేలు పోనిచ్చి ఆగింది.

"ఉత్తరానికి తల పెట్టి పండుకోవద్దని వానికి చిన్నప్పటిసంది చెప్తున్న. ఆఖరికి ఉత్తరానికే పోయిండా!"