అప్ అండ్ డౌన్ (ఉద్యోగుల నిత్య ప్రయాణం)

అప్ అండ్ డౌన్ అనగా ఉద్యోగి తన కుటుంబాన్ని ఒక ఊరిలో స్థిరంగా ఉంచి, మరొక ఊరిలోని ఉద్యోగానికి ప్రతిదినం వెళ్ళి రావడం. ఆంధ్రప్రదేశ్‌లోని ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాలలోను, కొల్లేరు సరస్సు పరిసర గ్రామాలలోను ఈ పద్ధతి దశాబ్దాలుగా పాతుకొని ఉన్నది. ఉపాధ్యాయులు, బ్యాంకు గుమాస్తాలు, రెవెన్యూ, వైద్య శాఖల సిబ్బంది దీనిని ఎక్కువగా అనుసరిస్తారు. ఉద్యోగంలో పైకి పోవాలా, ఉన్న ఊరిలో ఉండిపోవాలా అన్న ప్రశ్నకు ఇక్కడి మధ్యతరగతి కుటుంబాలు చెప్పుకున్న సమాధానం ఇది. ఊరు వదలరు, ఉద్యోగమూ వదలరు. రెంటికీ మధ్యనున్న దూరానికి రోజుకు మూడు, నాలుగు గంటల కాలాన్ని మూల్యంగా చెల్లిస్తారు.

పేరు

అప్, డౌన్ అనేవి రైలు మార్గపు దిశలను తెలిపే రైల్వే పదాలు. వాడుకలో రెండూ కలిసి ఒకే క్రియగా మారినవి. "గూడెం నుంచి అప్ అండ్ డౌన్ చేస్తున్నాడు" అంటే ఈ ప్రాంతంలో ఎవరికైనా అర్థమవుతుంది. తాడేపల్లిగూడెాన్ని స్థానికులు గూడెం అనే వ్యవహరిస్తారు. పెళ్ళి సంబంధాలు మాట్లాడేటప్పుడు "రోజూ ఇంటికి వచ్చేస్తాడు" అన్న మాటకు జీతంతో సమానమైన విలువ ఉండేది.

మార్గాలు

రైలు రాకముందు ఈ ప్రాంతానికి ముఖ్య మార్గం ఏలూరు కాలువ. ఈస్ట్ కోస్ట్ రైల్వేలో భాగంగా బెజవాడ నుండి కటకం వరకు రైలు మార్గం 1893 - 1896 మధ్య పడినది. గోదావరిపై హేవలాక్ వంతెన 1900లో ప్రారంభమయినది. ఆ ప్రధాన మార్గంలోనే ఏలూరు, దెందులూరు, భీమడోలు, పూళ్ళ, కైకరం, చేబ్రోలు, తాడేపల్లిగూడెం స్టేషన్లు ఉన్నవి. రైలు మార్గంలో ఏలూరు విజయవాడకు సుమారు 60 కిలోమీటర్లు, తాడేపల్లిగూడేనికి సుమారు 48 కిలోమీటర్లు. అనగా రెండు వైపులా గంట ప్రయాణమే. ఈ గంట దూరమే అప్ అండ్ డౌన్ జీవితానికి ఆధారం. ఇదే రెండున్నర గంటలు అయి ఉంటే కుటుంబాలు ఎప్పుడో తరలిపోయి ఉండేవి.

రెండవ మార్గం విజయవాడ నుండి గుడివాడ, కైకలూరు, ఆకివీడు, భీమవరం మీదుగా నిడదవోలు చేరుతుంది. ప్రధాన మార్గం కొల్లేరుకు ఉత్తరంగా, ఇది దక్షిణంగా పోతాయి. నడుమ సరస్సు ఉండుట వలన ఏలూరుకు, కైకలూరుకు మధ్య నేరుగా రైలు లేదు. రైలులోనే వెళ్ళాలంటే విజయవాడ చుట్టి రావాలి. కొల్లేటి మీదుగా పోయే రోడ్డు మాత్రమే దగ్గరి దారి.

సీజన్ టికెట్టు

రైల్వేవారి నెలవారీ, మూడు నెలల సీజన్ టికెట్లు సాధారణంగా 150 కిలోమీటర్ల దూరం వరకు ఇస్తారు. విజయవాడ, రాజమండ్రి మధ్య దూరం దాదాపు అంతే. కనుక ఏలూరు, గూడెం వాసులకు రెండు నగరాలూ ఈ పరిధిలోకి వస్తాయి. సూపర్‌ఫాస్ట్ రైళ్ళకు అదనపు రుసుము ఉంటుంది. రిజర్వేషన్ పెట్టెలలో ఎక్కే హక్కు ఈ టికెట్టుతో సాధారణంగా రాదు. దూరప్రయాణికులకు, సీజన్ టికెట్టువారికి జరిగే తగాదాలన్నీ ఇక్కడే మొదలవుతాయి. న్యాయం ఎక్కువ సార్లు దూరప్రయాణికుల పక్షాననే ఉంటుందని ఒప్పుకోవాలి.

కరోనా కారణంగా 2020 మార్చిలో ప్రయాణికుల రైళ్ళు నిలిచిపోయాయి. తరువాత పాసింజరు రైళ్ళు ఎక్స్‌ప్రెస్ ఛార్జీలతో తిరిగాయి. పాత ఛార్జీలు 2024 ఫిబ్రవరిలో గాని మళ్ళీ రాలేదు. నడుమ కాలంలో పలువురు మోటారు సైకిళ్ళకు, నలుగురైదుగురు కలిసి మాట్లాడుకున్న కార్లకు మారారు. వారిలో కొందరు మళ్ళీ రైలు ముఖం చూడలేదు.

స్థానిక కేడరు

ఊరు వదలకుండా ప్రభుత్వోద్యోగం చేయడానికి వీలు కల్పించినది 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. 1973 నాటి ఆరు సూత్రాల పథకం, రాజ్యాంగంలోని 371డి అధికరణం దీనికి మూలం. దీని ప్రకారం ఉద్యోగాలు జిల్లా, జోనల్ మున్నగు స్థానిక కేడర్లుగా ఏర్పడినవి. సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయులు, స్కూల్ అసిస్టెంట్లు జిల్లా కేడరు. గెజిటెడ్ ప్రధానోపాధ్యాయులు జోనల్ కేడరు. పూర్వపు తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కృష్ణా జిల్లాలు మూడూ కలిసి రెండవ జోను.

అంటే స్కూల్ అసిస్టెంటుగా ఉన్నంతకాలం ఉపాధ్యాయుడు తన జిల్లా దాటనవసరం లేదు. ప్రధానోపాధ్యాయుడు కాగానే తునికో, దివిసీమకో వెళ్ళవలసి రావచ్చు.

పదోన్నతి వదులుకొనుట

పదోన్నతి వచ్చినప్పుడు దానిని వద్దని వ్రాసి ఇవ్వడాన్ని ఉద్యోగులు "అన్‌విల్లింగ్ ఇవ్వడం" అంటారు. 1996 నాటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర, సబార్డినేట్ సర్వీసు నిబంధనలలోని 28వ నిబంధన ఉద్యోగి తన హక్కును లిఖితపూర్వకంగా వదులుకొనుటకు అనుమతిస్తుంది. అయితే "ఈ సంవత్సరానికి వద్దు", "దగ్గరలో ఇస్తే చేరుతాను" వంటి తాత్కాలిక లేదా షరతులతో కూడిన వదులుకోలు చెల్లదు. వదులుకున్నవారు ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ పథకం క్రింద తరువాత రావలసిన స్కేళ్ళను కూడా కోల్పోతారు. కనుక ఈ సంతకం తేలికగా చేసేది కాదు.

అయినా చేస్తున్నారు. కారణాలు లెక్కలోనే కనబడతాయి. ఒకే పదవిలో 12, 18 సంవత్సరాలు పనిచేసి పై స్కేళ్ళు పొందినవారికి పదోన్నతి వలన మూలవేతనంలో పెరిగేది స్వల్పం. దానికి ఎదురుగా వేరే ఊరిలో అద్దె, రెండు వంటలు, వారాంతపు ప్రయాణాలు ఉంటాయి. ప్రధానోపాధ్యాయుడికి పాఠం చెప్పడం తగ్గి, మధ్యాహ్న భోజనం లెక్కలు, భవన నిర్మాణాల బిల్లులు, రోజువారీ నివేదికలు మీద పడతాయి. ఇంటిలో మంచం పట్టిన తల్లిదండ్రులు ఉన్నా, పదవ తరగతి చదివే బిడ్డ ఉన్నా త్రాసు ఇంటివైపే మొగ్గుతుంది.

త్రాసు రెండవవైపు మొగ్గే సందర్భమూ ఉన్నది. పాత పింఛను విధానంలో ఉన్నవారికి పింఛను చివరి వేతనంపై ఆధారపడుతుంది. పూర్తి సర్వీసు ఉన్నవారికి అది మూలవేతనంలో సగం. కాబట్టి సర్వీసు చివరలో వచ్చిన పదోన్నతి, వెళ్ళిన రెండు మూడేళ్ళకు మాత్రమే గాక, బ్రతికినన్నాళ్ళూ ఫలితమిస్తుంది. 55 ఏళ్ళు దాటిన తరువాత అన్‌విల్లింగ్ ఇచ్చేవారు ఈ సంగతిని తప్పక చూసుకోవాలి. చాలామంది చూసుకోరు.

బ్యాంకులలో ఈ ఎంపిక మరింత తీవ్రం. గుమాస్తా ఆఫీసరు అయితే దేశంలో ఎక్కడికైనా బదిలీ కావచ్చు. భీమడోలు సమీపంలోని గుండుగొలనులో జన్మించిన భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు ఈ ప్రాంతపు యువకులు ఎందరికో ఉద్యోగమిచ్చినది. అది 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనది. ఆఫీసరు పరీక్ష వ్రాయకుండా గుమాస్తాగానే విరమించినవారు ఈ పట్టణాలలో కొత్త కాదు. వారిని ఆశ లేనివారిగా చూడడం తొందరపాటు. ఆశ ఉన్నది, అది ఇంటి చుట్టూ ఉన్నది.

అద్దె భత్యం, బదిలీ పాయింట్లు

ఇంటి అద్దె భత్యం నివాసమున్న ఊరిని బట్టి గాక పనిచేసే ఊరిని బట్టి వస్తుంది. 2022 నాటి వేతన సవరణలో 2 లక్షల పైబడిన జనాభా గల ఊళ్ళకు 16 శాతం, 50 వేల నుండి 2 లక్షల వరకు 12 శాతం, అంతకు లోపు 10 శాతం నిర్ణయించారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఏలూరు మొదటి తరగతిలోకి, తాడేపల్లిగూడెం రెండవ తరగతిలోకి వస్తాయి. ఏలూరులో అద్దె కట్టుకుంటూ పల్లెలో పనిచేసే ఉపాధ్యాయుడికి పల్లె భత్యమే ముడుతుంది.

ఈ లోటును ఉపాధ్యాయ బదిలీలలో పాయింట్ల రూపంలో కొంత పూడుస్తారు. పాఠశాలలను నాలుగు శ్రేణులుగా విభజించి, పట్టణ శ్రేణిలో ఏడాదికి 1 పాయింటు, ఆపై 2, 3, సరైన దారి లేని నాలుగవ శ్రేణికి 5 పాయింట్ల చొప్పున ఇస్తారు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే అదనపు పాయింట్లు ఉంటాయి. ఒకేచోట 8 విద్యా సంవత్సరాలు, ప్రధానోపాధ్యాయులైతే 5 సంవత్సరాలు పూర్తయితే కదలవలసినదే. 2025లో ఉపాధ్యాయుల బదిలీలకు ప్రత్యేక చట్టం వచ్చినది.

భద్రత అనే మాట

ప్రభుత్వోద్యోగం కోసం ఎన్నో వదులుకోవడానికి కారణం దాని భద్రత. విచారణ లేకుండా తొలగించకుండా రాజ్యాంగంలోని 311వ అధికరణం కాపాడుతుంది. కాని భద్రత కూడా కాలంతో మారుతూ వచ్చినది. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం పదవీ విరమణ వయస్సును 58 నుండి 55కు తగ్గించగా, పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు తేలకుండానే అనేకమంది ఇంటికి రావలసి వచ్చినది. తరువాత అది తిరిగి 58 చేయబడినది. 2014లో 60, 2022లో 62 అయినది. అప్ అండ్ డౌన్ చేసేవారికి ఇది నాలుగేళ్ళ అదనపు ప్రయాణం కూడా.

2004 సెప్టెంబరు 1 నుండి చేరినవారికి పాత పింఛను లేదు. జీతం నుండి 10 శాతం, ప్రభుత్వ వాటా కలిపి నిధిగా పోగయ్యే సి.పి.యస్. వారికి వర్తించినది. దీనిపై సాగిన ఆందోళనల నేపథ్యంలో 2023లో గ్యారంటీ పింఛను చట్టం చేయబడినది. 2019 అక్టోబరు 2న ప్రారంభమయిన గ్రామ, వార్డు సచివాలయాలలో లక్షకు పైగా ఉద్యోగాలు వచ్చాయి. మొదటి రెండేళ్ళు ప్రొబేషను, నెలకు 15,000 రూపాయలు. ప్రొబేషను ఖరారు 2022లో గాని జరుగలేదు. ఇంజనీరింగు చదివినవారు సైతం ఆ జీతానికి చేరారు. హైదరాబాదులో దానికి మించి సంపాదించగలవారు సొంత మండలం కోసం ఆ తేడాను వదులుకున్నారు.

ఇంటి వేళలు

ఉదయం 9 గంటలకు మొదలయ్యే ఉన్నత పాఠశాలకు చేరవలసిన ఉపాధ్యాయురాలు 7 గంటలకే ఇల్లు కదలాలి. అప్పటికి రెండు పూటల వంట, పిల్లల క్యారేజీలు సిద్ధం కావాలి. సాయంత్రం 6 గంటలకు ఇల్లు చేరితే ఆ రోజు అదృష్టం. మగవారికి రైలులో పేకాట, పత్రిక, కునుకు ఉంటాయి. స్త్రీలు మటుకు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, జవాబు పత్రాలు దిద్దుతూ కనిపిస్తారు. అప్ అండ్ డౌన్ వలన కుటుంబానికి మిగిలే సుఖంలో ఎక్కువ భాగం ఇంటి ఇల్లాలి నిద్ర నుండి తీసినదే. ఉద్యోగి ఆమే అయినప్పుడు రెండు భారాలూ ఆమెవే.

2022లో ఆంధ్రప్రదేశ్ పాఠశాలలలో ముఖాన్ని గుర్తించే హాజరు యాప్ ప్రవేశపెట్టినప్పుడు, నిమిషం ఆలస్యాన్ని లెక్కించే పద్ధతిని ఉపాధ్యాయ సంఘాలు వ్యతిరేకించాయి. తెల్లవారి వచ్చే రైలు పది నిమిషాలు ఆగితే అందులో ఉన్నవారందరికీ సెలవు పోతుందనే భయం దానిలో ఉన్నది. విద్యార్థుల పక్షం నుండి చూస్తే వేరొక న్యాయం ఉన్నది. సాయంత్రం రైలుకు పరుగెత్తే ఉపాధ్యాయుడు బడి విడిచిన తరువాత వెనుకబడిన పిల్లవాడితో కూర్చోలేడు. పనిచేసే చోటే నివసించాలని ప్రభుత్వాలు తరచు చెప్పడానికి ఇదే ప్రధాన కారణం.

కొల్లేరు లంకలు

కొల్లేరు లంక గ్రామాలలో ఈ చర్చ మరొక రూపంలో ఉంటుంది. 1999లో సరస్సును వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సార్ జాబితాలో చేరినది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేర అయిదవ కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు తెగగొట్టబడినవి. చెరువులను నమ్ముకున్న కుటుంబాల నుండి పలువురు వలస పోయారు. మిగిలిన ప్రాంతాలలో చెరువుల కాపలాదారులు గట్టు మీది పాకలోనే రాత్రింబవళ్ళు మకాం ఉంటారు. పని, ఇల్లు ఒకటే అయిపోయిన జీవితం అది. ఉద్యోగ భద్రత లేదు, వెళ్ళి రావడానికి వేరే ఇల్లూ లేదు. లంకలలోని బడికి ఏలూరు నుండి వచ్చిపోయే ఉపాధ్యాయుడికి, దారి పొడవునా కనిపించే ఆ కాపలాదారుకు మధ్య తేడా నెల జీతం ఒక్కటే కాదు. సాయంత్రం ఇంటికి పోగలగడం కూడా.

వర్షాకాలంలో బుడమేరు, తమ్మిలేరు పొంగినప్పుడు ఈ ప్రయాణం తెగిపోతుంది. 2024 సెప్టెంబరు వరదలలో ఏలూరు - కైకలూరు రోడ్డు నీట మునిగి రాకపోకలు నిలిచిపోయాయి.

2022 తరువాత

1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడినది మొదలు ఏలూరే దాని కేంద్రం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగి ఏలూరు వేరే జిల్లా అయినది. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉండిపోగా, దాని కేంద్రం భీమవరానికి మారినది. గూడెం నుండి ఏలూరు కలెక్టరేటుకు రైలులో వెళ్ళి వచ్చిన ఉద్యోగులలో భీమవరానికి కేటాయించబడినవారు ఒక్కసారిగా రైలును కోల్పోయారు. భీమవరానికి రైలు కావాలంటే నిడదవోలు వెళ్ళి మారాలి, కనుక బస్సో, సొంత బండో దిక్కు. మరోవైపు పూర్వం కృష్ణా జిల్లాలో ఉండి మచిలీపట్నం తిరిగిన కైకలూరు వారికి ఇప్పుడు ఏలూరు జిల్లా కేంద్రం.

2025 ఆగస్టు 15న 'స్త్రీ శక్తి' పథకం క్రింద ఆర్.టి.సి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయినది. గూడెం - భీమవరం, ఏలూరు - కైకలూరు మార్గాలలో వెళ్ళి వచ్చే మహిళా ఉద్యోగులకు దీనివలన నెలకు బస్సు పాసు ఖర్చు మిగులుతున్నది. వెచ్చించే సమయంలో మాత్రం మార్పు లేదు.