ఒక డిస్కు, నాలుగు గడులు: డ్యూయల్ బూట్ పుట్టుపూర్వోత్తరాలు

కంప్యూటరు స్విచ్చి నొక్కిన వెంటనే నల్లని తెరపై విండోస్, లినక్స్ అను రెండు పేర్లు ఒకదాని క్రింద నొకటి నిలిచి, వీనిలో నీకేది కావలెనని యజమాని నడుగు ఆ కొన్ని క్షణముల వెనుక నలుబది యేండ్లకు పైబడిన చరిత్ర కలదు. యంత్రము మేల్కొనగానే మొదటి మాట పలుకు హక్కు ఎవరిదను ప్రశ్నయే ఆ చరిత్రకు ప్రాణమని నా విశ్వాసము.

1981లో ఐబీఎం సంస్థ తన పర్సనల్ కంప్యూటరును వెలువరించినప్పుడు దానికి పీసీ డాస్, సీపీ/ఎం-86, యూసీఎస్‌డీ పీ-సిస్టమ్ అను మూడు ఆపరేటింగ్ సిస్టములను ప్రకటించినది. అవన్నియు ఫ్లాపీలపై నుండునవి గనుక ఏ ఫ్లాపీ పెట్టి స్విచ్చి వేసిన ఆ సిస్టమే నడచెడిది. 1983 మార్చిలో వచ్చిన పీసీ ఎక్స్‌టీలో 10 మెగాబైట్ల హార్డ్ డిస్కు పెట్టెలోపలనే బిగింపబడుటతో ఆ సౌలభ్యము పోయి, ఒకే డిస్కును పలు సిస్టములు పంచుకొను మార్గము వెదకవలసి వచ్చినది. పీసీ డాస్ 2.0తో స్థిరపడిన ఏర్పాటు ప్రకారము, 512 బైట్ల మొదటి సెక్టారులో 446 బైట్లు ఒక చిన్న ప్రోగ్రామునకును, 64 బైట్లు ఒక పట్టికకును, చివరి రెండు బైట్లు గుర్తింపు ముద్రకును చెందును. ఆ పట్టికలో పదునారేసి బైట్ల గడులు నాలుగు. ఒక్కొక్క గడి డిస్కులోని ఒక్కొక్క భాగమునకు చిరునామా. వానిలో ఏ గడికి క్రియాశీల చిహ్నముండునో ఆ భాగమును పిలిచి, అధికారము నప్పగించి, ఆ చిన్న ప్రోగ్రాము తప్పుకొనును. డిస్కు నంతటిని తన డాస్‌కే ధారపోయగలిగియుండియు ఇతరులకు చోటు విడిచిన ఆ రూపకర్తల ఔదార్యమును నేను మనసార మెచ్చుకొందును.

అయితే సిస్టము మారవలెనన్న ప్రతిసారియు ఎఫ్‌డిస్క్ అను ప్రోగ్రామును తెరచి, చిహ్నమును ఒక గడినుండి మరియొక గడికి మార్చి, యంత్రమును తిరిగి ప్రారంభింపవలసియుండెను. 1992లో వచ్చిన ఓఎస్/2 2.0 తన బూట్ మేనేజరుతోను, 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ తన బూట్.ఐఎన్‌ఐ అను చిన్న దస్త్రముతోను ఆ శ్రమను తొలగించి, ఎంపికను తెరమీదికి తెచ్చినవి.

అంతకు ముందే 1991లో, హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 386 కంప్యూటరులో మినిక్స్ అను సిస్టము ప్రక్కనే లినక్స్ పురుడు పోసుకొనుచుండెను. ఒకనాడు విశ్వవిద్యాలయ కంప్యూటరునకు ఫోను కలుపబోయి, మోడెమునకు పంపవలసిన ఆదేశములను పొరబాటున హార్డ్ డిస్కునకు పంపగా మినిక్స్ భాగము చెడిపోయినది. దానిని తిరిగి నింపుటయా, లినక్స్‌నే స్వయంసమృద్ధముగా పెంచుటయా యని యోచించి ఆయన రెండవ దారిని వరించెను.

అటుపిమ్మట వెర్నర్ అల్మెస్‌బెర్గర్ రచించిన లిలో అను ప్రోగ్రాము అనేక యేండ్లు లినక్స్ వారికి ద్వారపాలకుడైనది. మొదటి సెక్టారులోని ఆ కొద్దిపాటి బైట్లలో ఫైల్ సిస్టమును చదువు జ్ఞానమును ఇముడ్చుట అసాధ్యము గనుక, కెర్నెలు డిస్కుపై ఏయే చోట్ల నున్నదో ముందుగనే ఒక చిట్టా వ్రాసి పెట్టుకొనెడిది. కెర్నెలును మార్చి లిలోను మరల నడుపుట మరచినచో ఆ చిట్టా నిరర్థకమగును. తన ఇంగ్లీషు పేరులోని నాలుగక్షరములను ఒక్కొక్క మెట్టు దాటినపుడు ఒక్కొక్కటిగా తెరపై చూపెడిది గనుక, ఏ అక్షరముకడ ఆగెనో చూచి వ్యాధిని నిర్ణయించెడివారు. 1995లో ఎరిక్ బోలిన్, గ్నూ హర్డ్ అను సిస్టమును నడుపు ప్రయత్నములో సృష్టించిన గ్రబ్ ఆ చిట్టా లోపమును తీర్చినది. అది ఫైల్ సిస్టములను తానే చదువుకొనును. ఐనను విండోస్‌ను కొత్తగా నింపినప్పుడెల్ల అది మొదటి సెక్టారును తన ప్రోగ్రాముతో నింపివేసెడిది గనుక, ముందు విండోస్, పిదప లినక్స్ అను క్రమము ఆచారమైపోయినది. గడియారమును విండోస్ స్థానిక కాలముగను, లినక్స్ సార్వత్రిక కాలముగను భావించుటచే, సరిచేయనిచో మనదేశములో విండోస్ అయిదున్నర గంటలు వెనుకబడి కనిపించుటయు ఈ సహవాసములోని చిక్కే.

అధికారపు పోరు బయటపడినది బీ సంస్థవారి సిస్టమైన బీఓఎస్ విషయమున. హిటాచీ సంస్థ విండోస్‌తోపాటు బీఓఎస్‌ను కూడ నింపి కంప్యూటర్లను జపానులో అమ్మినను, ప్రారంభమున ఎంపిక చూపు ప్రోగ్రాము లేనందున కొన్నవారికి అది కనబడనే లేదు. మైక్రోసాఫ్ట్ లైసెన్సు నిబంధనలే దీనికి కారణమని ఆరోపించుచు బీ సంస్థ 2002లో దావా వేయగా, మరుసటి యేడు మైక్రోసాఫ్ట్ తప్పు నంగీకరింపకయే 2 కోట్ల 32 లక్షల 50 వేల డాలర్లిచ్చి రాజీపడినది. అప్పటికే బీ సంస్థ మూతపడినది. ఆ నాలుగు గడుల పట్టిక ఇచ్చిన స్వేచ్ఛను ఒక ఒప్పంద పత్రము హరింపగలదని తెలిసి నా మనస్సు నొచ్చినది.

తరువాత యూఈఎఫ్ఐ అను కొత్త ప్రారంభపు ఏర్పాటు వచ్చి, ఒక్కొక్క సిస్టము తన ప్రోగ్రామును ఒక ఉమ్మడి భాగములో వేరువేరు ఫోల్డర్లలో ఉంచుకొను వీలు కల్పించినది. ఒకరిపై నొకరు వ్రాసికొను అవసరము తప్పినది. కాని 2012లో విండోస్ 8తో వ్యాపించిన సెక్యూర్ బూట్, సంతకము లేని ప్రోగ్రామును నడువనీయదు. ఆ సంతకపు తాళము సాధారణముగా మైక్రోసాఫ్ట్‌ది. మాథ్యూ గారెట్ షిమ్ అను చిన్న ప్రోగ్రాము కూర్చి, దానికి మైక్రోసాఫ్ట్ సంతకమునే పొంది, తరువాతి నమ్మకమును యజమాని ఎంచిన తాళములకు అప్పగించు ఉపాయము చూపెను.

ఆపిల్ 2006లో బూట్ క్యాంప్ పేర తన ఇంటెల్ మాక్‌లలో విండోస్‌కు స్వయముగా చోటిచ్చి, 2020లో సొంత ప్రాసెసరులకు మారగా ఆ చోటు తీసివేసినది. అయినను ఆ కొత్త యంత్రములు ఒక్కొక్క సిస్టమునకు వేరు భద్రతా నియమమును యజమాని నిర్ణయించుకొననిచ్చును. దాని ఆధారముననే 2022 మార్చిలో అసాహీ లినక్స్ తొలి ఆల్ఫా వెలువడి, మాక్ ఓఎస్ ప్రక్కన తన భాగమును తాను సంపాదించుకొనినది.