తాడు ఎక్కడ కట్టాలి?

"మొద్దు సంగతి తరవాత, ముందు నీ బండి చూసుకోరా!"

ఈ కేక నేను విన్నది 2014 అక్టోబరులో. హుద్ హుద్ తుఫాను విశాఖపట్నాన్ని ఊడ్చిపెట్టి వెళ్ళిన మూడోనాడు. మా ఇంటి ముందున్న నిద్రగన్నేరు చెట్టు వేళ్ళతో సహా లేచి, సరిగ్గా మా గేటుకి అడ్డంగా పడుకుంది. కరెంటు లేదు, కుళాయి రాదు, ఫోను పలకదు. మా అత్తగారికి చెట్టు పడిపోయిందన్న దిగులు కంటే పాలవాడు లోపలికి రాలేడన్న దిగులే ఎక్కువ. కొమ్మలు కొట్టించేశాం. మొద్దు మిగిలింది. దాన్ని లాగించడానికి మావారు ఎక్కణ్ణించో ఒక చిన్న ట్రాక్టరునీ, దాంతోపాటు ఇరవై ఏళ్ళయినా నిండని ఓ కుర్రాణ్ణీ పట్టుకొచ్చారు.

కుర్రాడు మోకు ఒక కొస మొద్దుకి బిగించాడు. రెండో కొస తన సీటు వెనకాల ఎత్తుగా ఉన్న ఇనపకమ్మీకి కట్టాడు. కింద కడితే తాడు రోడ్డుకి రాసుకుని అరిగిపోతుందని కాబోలు. గేరు వేశాడు. ఇంజను గుర్రుమంది. మొద్దు కదల్లేదు. ట్రాక్టరు ముందు చక్రాలు మాత్రం మెల్లిగా జానెడెత్తు గాలిలోకి లేచాయి. అదేదో బలప్రదర్శన అనుకుని మేమంతా నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాం. అప్పుడే ఎదురింటి అరుగు మీంచి వచ్చింది ఆ కేక. ఆ తాత పోర్టులో ముప్పై ఏళ్ళు కలాసీగా చేసి రిటైరైనవాడు. కర్ర పోటు వేసుకుంటూ వచ్చి, "క్లచ్చి తొక్కు, తొక్కు! ఇరుసు కంటే మీద కడితే బండి ఎనక్కి తిరగబడి నీ మీదే పడిపోద్ది. కిందకి దించి కట్టు" అన్నాడు.

చక్రాలు దభాలున నేలని తాకాయి. అప్పటిగ్గాని మాకు తెలియలేదు, మేం చూస్తున్నది ఏమిటో.

బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని. అక్బరు పన్నుల విధానం గురించి నాలుగు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. పడిపోయిన చెట్టుని పక్కకి లాగడం వెనక ఇంత చరిత్ర ఉంటుందనీ, ఆ తాత చెప్పిన ముక్క తెలియక లోకంలో ఎందరు ఇల్లాళ్ళ పసుపుకుంకాలు పోయాయో అనీ ఎవరూ చెప్పలేదు. తరవాత నాలుగు పుస్తకాలు తిరగేస్తే తెలిసింది. 'ట్రాక్టర్లూ మొద్దులూ మనకెందుకమ్మా' అనకండి. ఇందులో ఆడవాళ్ళూ ఉన్నారు, వస్తారు.

కథ అమెరికా పడమటి తీరంలో మొదలుపెడదాం. కాలిఫోర్నియాలో తరచు పొగమంచు పట్టే కొండల మీద రెడ్‌వుడ్ చెట్లున్నాయి. మూడువందల అడుగులు దాటిన ఎత్తు, లోపల మన పూజగది పట్టేసేంత లావు. వాటిని కొట్టడం ఒక ఎత్తు, కదిలించడం ఇంకో ఎత్తు. ఐదారు జతల ఎద్దుల్ని వరసగా కట్టేవారు. దారి పొడుగునా అడ్డంగా దుంగలు పరిచేవారు, మొద్దులు వాటి మీద జారడానికి. ఆ దుంగలకి చేపనూనో, కొవ్వో పూస్తూ ఒక కుర్రాడు బకెట్టు పట్టుకుని ముందు పరిగెత్తాలి. వాడి జీతం అందరిలోకీ తక్కువ, వాడి వంటి కంపు అందరిలోకీ ఎక్కువ అయివుంటుంది. ఇలాంటి దారిని 'స్కిడ్ రోడ్' అనేవారు. సియాటిల్ ఊళ్ళో 1853లో యెస్లర్ అనే ఆయన ఆవిరి రంపపు మిల్లు పెట్టినప్పుడు కొండ మీంచి దానిదాకా అలాంటి దారే ఉండేది. తరవాత ఆ చుట్టుపక్కల సారాకొట్లు వెలిసి, పనిలేనివాళ్ళు చేరి, ఇంగ్లీషులో దిక్కులేనివాళ్ళ పేటకి 'స్కిడ్ రో' అన్న పేరు స్థిరపడిపోయింది. మొద్దులు జారిన దారి మనుషులు జారిన దారయింది.

1881లో యురేకా అన్న ఊళ్ళో జాన్ డోల్బీర్ అనే కలప వ్యాపారికి ఒక ఆలోచన వచ్చింది. తెరచాప ఓడల్లో సరుకు ఎత్తడానికి చిన్న ఆవిరి ఇంజను ఉండేది. దాన్ని వాళ్ళు 'గాడిద' అని పిలిచేవారు. ఆ గాడిదని అడవిలోకి తోలుకొస్తే ఎలా ఉంటుంది? నిలువు బాయిలరు, ఒక సిలిండరు, పక్కన ఒక ఇనప రాట. మొద్దుకి కట్టిన 150 అడుగుల మోకుని ఆ రాటకి నాలుగు చుట్లు చుట్టి, ఇవతలి కొసని ఒక మనిషి బిగబట్టి పట్టుకుంటే చాలు. కట్టుకొయ్యకి నాలుగు చుట్లు వేసి తాడు పట్టుకుంటే ఎంత పొగరుబోతు దూడయినా ఆగిపోవడం మీరు చూసే ఉంటారు. కిటుకు అదే. రాట తిరుగుతుంది, చుట్లు బిగుస్తాయి, కొండంత మొద్దు కిక్కురుమనకుండా వచ్చేస్తుంది. 1882లో డోల్బీరుకి పేటెంటు వచ్చింది. ఎద్దుల మంద చేసే పనికి ముగ్గురు మగవాళ్ళు, ఒక పిల్లవాడు, ఒక గుర్రం సరిపోయారు. గుర్రం దేనికంటారా? వచ్చిన తాడుని మళ్ళీ అడవిలోకి లాక్కెళ్ళడానికి.

ఆ తరవాత గాడిదలు పెద్దవయ్యాయి, మోకుల బదులు ఉక్కు తాళ్ళొచ్చాయి, మొద్దుతోపాటు దారిలో ఉన్న మొక్కా మోడూ అన్నీ ఊడ్చుకొచ్చాయి. నిప్పురవ్వలు పడి అడవులు తగలబడ్డాయి. ఆ ఘోరం గురించి రాస్తే ఇంకో వ్యాసమవుతుంది, ఇక్కడికి వదిలేద్దాం.

ఇప్పుడు ఆడవాళ్ళ దగ్గరికి వద్దాం. రెండో ప్రపంచయుద్ధం రాకముందు బ్రిటన్ తనకి కావలసిన కలపలో చాలాభాగం ఓడల మీద తెప్పించుకునేది. 1940 ఏప్రిల్‌లో జర్మన్లు నార్వేని ఆక్రమించుకున్నారు. కలప ఆగిపోయింది. కలప లేకపోతే బొగ్గుగనుల్లో పైకప్పుకి పోటు పెట్టే గుంజలుండవు, బొగ్గు లేకపోతే ఇనుం లేదు, ఇనుం లేకపోతే తుపాకి లేదు. మగవాళ్ళు సైన్యంలో ఉన్నారు. ఇంక మిగిలిందెవరు? 1942లో 'విమెన్స్ టింబర్ కోర్' అని పెట్టారు. జనం వాళ్ళని 'లంబర్‌జిల్స్' అన్నారు. అంతకు ముందు టైపు కొట్టుకుంటూ, కొట్లో గుడ్డలమ్ముకుంటూ ఉన్న ఆడపిల్లలు, పదిహేడూ పద్ధెనిమిదేళ్ళ వాళ్ళు, కొన్ని వారాల శిక్షణతో గొడ్డళ్ళు పట్టుకుని స్కాట్లండ్ చలిలో అడవుల్లోకి వెళ్ళారు. చెట్లు కొట్టారు, కొమ్మలు చెక్కారు, కొలతలు రాశారు, గుర్రాలతో మొద్దులు లాగించారు, లారీలూ ట్రాక్టర్లూ నడిపారు. ఆకుపచ్చ బెరే టోపీ, మోకాళ్ళదాకా బిగించిన పంట్లాం వాళ్ళ వేషం. 'ఇదేం వేషమమ్మా' అన్న పెద్దవాళ్ళు అక్కడా ఉండే ఉంటారు, పెద్దవాళ్ళు ఎక్కడైనా ఒకటేగా.

ఇలాంటి పనిలో బలం కంటే వరస ముఖ్యం. తాడు ఎక్కడ కట్టాలి, కట్టాక ఎక్కడ నిలబడాలి, ఎవరు సైగ చేస్తే లాగాలి అన్న వరస. పదిమందికి వంట చేసే ఇంట్లో పెరిగిన ఆడదానికి అది పెద్ద విద్యేం కాదని నా అభిప్రాయం.

1946లో ఆ దళాన్ని రద్దుచేశారు. సైన్యంలో పనిచేసినవాళ్ళకి దొరికిన సదుపాయాలు వీళ్ళకి దొరకలేదు. ఇంటికి పొమ్మన్నారు, పోయారు. వాళ్ళని తలుచుకుని స్కాట్లండులోని అబర్‌ఫాయిల్ దగ్గర అడవిలో ఒక కంచు విగ్రహం పెట్టింది 2007లో. ప్రభుత్వం ఒక బ్యాడ్జి ఇచ్చింది 2008లో. అప్పటికి బతికున్నవాళ్ళు ఎనభై దాటిన బామ్మలు.

ఇంతకీ మా కుర్రాడి ట్రాక్టరు ముందు చక్రాల సంగతి. దాన్ని గురించి జీవితమంతా ఆలోచించిన మనిషి ఒకడున్నాడు. పేరు హారీ ఫెర్గుసన్, ఐర్లండువాడు, 1884లో పుట్టాడు. 1909 చివరి రోజున ఐర్లండులో మొట్టమొదట విమానం ఎగరేసింది కూడా ఈయనే. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ట్రాక్టరు దున్నకాల్ని బాగుచేసే పని ఆయనకి అప్పగించారు. అప్పట్లో నాగలిని గొలుసుతో ట్రాక్టరు వెనక ఈడ్చేవారు. నాగలి రాతికి తగులుకుంటే నాగలి ఆగిపోతుంది, ఇంజను ఆగదు. చక్రాలు తిరగలేక బండే తన ఇరుసు చుట్టూ తిరిగి, ముందు భాగం లేచి, వెనక్కి బోర్లాపడుతుంది. నడిపేవాడు దాని కింద ఉంటాడు. మా గేటు ముందు జరగబోయింది అదే.

ఫెర్గుసన్ నాగలిని మూడు చోట్ల తగిలించే పద్ధతి కనిపెట్టాడు. కింద రెండు చేతులు, పైన ఒకటి. నాగలి మీద బరువు పడేకొద్దీ ముందు చక్రాలు లేవడానికి బదులు నేలకి మరింత అదుముకునేలా చేశాడు. 1938లో హెన్రీ ఫోర్డుతో కాగితం ముక్క లేకుండా, ఉత్త కరచాలనం మీద ఒప్పందం చేసుకున్నాడు. కాగితం లేని ఒప్పందం ఎన్నాళ్ళుంటుంది? 1947లో ఫోర్డు మనవడు తెంచేశాడు. కోర్టుకెక్కి 1952లో 92 లక్షల 50 వేల డాలర్లకి రాజీపడ్డారు. మన ఇళ్ళల్లో అన్నదమ్ముల నోటిమాట పంపకాలు గుర్తొచ్చాయి నాకు.

ఈలోగా 1946 నుంచి 1956 దాకా కవెంట్రీలో ఆయన పేరుతో ఐదు లక్షలకు పైగా బూడిదరంగు చిన్న ట్రాక్టర్లు తయారయ్యాయి. బరువు టన్నుకి కాస్త పైమాట. ఎవరెస్టు ఎక్కిన హిల్లరీ 1958 జనవరిలో దక్షిణధ్రువం చేరింది కూడా వాటి మీదే. 1960లో మద్రాసులో టాఫే కంపెనీ మొదలై మనకి మాస్సీ ఫెర్గుసన్ ట్రాక్టర్లొచ్చాయి. మన రైతులు 'మాస్సీ' అని చనువుగా పిలిచే బండి పేరులో సగం ఆ ఐర్లండు మనిషిదే.

ఆ మూడు చేతులకి నాగలి తగిలించొచ్చు, దమ్ముచక్రాలు తగిలించొచ్చు. నార్వే, ఫిన్లండ్ రైతులు వించి తగిలించుకున్నారు. అక్కడ చాలామంది రైతులకి పొలంతోపాటు కాస్త అడవి కూడా సొంతం. చలికాలంలో గుర్రంతో మొద్దులు లాగించేవారు. గుర్రం పోయి చిన్న ట్రాక్టరొచ్చాక దాని వెనక ఒక వెడల్పాటి ఇనపపలక, దాని మీద ఉక్కుతాడు చుట్టిన రీలు. పలక అంచుని నేలలోకి దింపితే గునపంలా పాతుకుంటుంది. బండి కదలదు. మొద్దే బండి దగ్గరికి వస్తుంది. చక్రాలు అడవిలోకి వెళ్ళవు కాబట్టి మొక్కలు నలగవు. డోల్బీరు గాడిద చేసిన పాపాన్ని ఈ చిన్న యంత్రం కొంత కడుక్కుందనుకోండి.

ఇలాంటిది కొనేటప్పుడు మగవాళ్ళు మొదట అడిగేది 'ఎన్ని టన్నులు లాగుతుంది?' అని. బంగారం కొనేటప్పుడు మనం ఎన్ని కాసులని అడిగినట్టు. నిజానికి చూసుకోవలసింది తన బండి దాన్ని మోయగలదా అని. చిన్న బండికి పెద్ద వించి తగిలిస్తే వెనకబరువుకే ముందు చక్రాలు తేలిపోతాయి, ముందు దిమ్మలు వేసుకోవాలి. పలక ట్రాక్టరు చక్రాల వెడల్పుకి తగ్గకూడదు. రీలు మీద తాడు ఎంత ఎక్కువ చుట్టుకుని ఉంటే లాగే బలం అంత తగ్గుతుంది. బేరమాడేవాడు చెప్పే టన్నులు రీలు మీద అట్టడుగు చుట్టు దగ్గరివి. తనకి మనిషికీ తాడుకీ మధ్య ఇనపజల్లెడ ఉందో లేదో చూసుకోవాలి, ఎందుకంటే తెగిన ఉక్కుతాడు కొరడాలా వెనక్కొస్తుంది. కప్పీ పెట్టి తాడుని మలిపినప్పుడు ఆ మలుపు లోపలి వైపు నిలబడకూడదు. మొద్దుల్ని రోడ్డుదాకా ఈడ్చుకెళ్ళేటప్పుడు గొలుసుల్ని పలక కింది అంచునే తగిలించాలి. మళ్ళీ తాత మాటే.

ఇంకొకటి. ఇంజనునుంచి వించికి శక్తినిచ్చే కడ్డీ నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. సెకనుకి తొమ్మిది. 'అయ్యో' అని నోరు తెరిచేలోపు చొక్కా కొస పట్టుకుందంటే చేయి దాంతోనే పోతుంది. దాని మీద తొడుగు లేకుండా ఎవరూ దగ్గరికి వెళ్ళకూడదు. మన పల్లెల్లో నూర్పిడి మిషను దగ్గర ఆడకూలీలు కొంగు బిగించి దోపుకునేది అందుకే. తొడుగు ఊడిపోతే కొత్తది వేయించేవాళ్ళు ఎంతమందో మీకూ తెలుసు.

1959లో స్వీడన్ ఒక చట్టం చేసింది. కొత్త ట్రాక్టరు ఏదైనా సరే, తిరగబడితే మనిషి నలక్కుండా నడిపేవాడి చుట్టూ బలమైన చట్రం ఉండి తీరాలని. తరవాత ఒక్కొక్క దేశమూ ఆ దారి పట్టింది. మా కుర్రాడి బండికి ఆ చట్రం లేదు. ఎండ తగలకుండా రేకు మాత్రం ఉంది.

తాత దగ్గరుండి తాడు కిందకి దింపించాడు. పక్కింటి వేపచెట్టు మొదట్లో గోనెసంచి చుట్టి, దానికి కప్పీ కట్టించి, మమ్మల్నందర్నీ వరండాలోకి తోలేసి, అప్పుడు చెయ్యి ఊపాడు. మొద్దు ఒక్క మూలుగు మూలిగి, ముసలి ఏనుగులా పక్కకి జరిగింది. పావుగంట పట్టిందేమో.

కుర్రాడు బండి దిగి ఆ మొద్దు మీదే కూలబడ్డాడు. పాలు లేవుగా, అత్తగారు ఉత్త డికాషనే చక్కెర వేసి తెచ్చారు. గ్లాసు అందుకోబోతే అతని చెయ్యి వణికింది, సగం ఒలికింది. "పెళ్ళయిందా నాయనా?" అన్నారావిడ.

"మాఘమాసంలో అండి" అన్నాడు.

అత్తగారు ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి ఇంకో గ్లాసు తెచ్చి, అది తన చేత్తో పట్టుకునే తాగించారు.