జీవముగల పనిముట్టా? ప్రియ సహోదరుడా?

మన డయాసిస్‌కు నూరు సంవత్సరములు నిండిన ఈ సమయమున దేవుని స్తుతించుచు, ఒక పాత ప్రశ్నను మరల మన ముందు ఉంచుకొనుట మేలని తలంచుచున్నాము. మనుష్యుని విలువను నిర్ణయించునది ఏది? అతడు చేయు పనియా, పుట్టిన కులమా, లేక అతనిలోని దేవుని స్వరూపమా?

క్రీస్తుపూర్వము 4వ శతాబ్దమున గ్రీసు దేశములో అరిస్టాటిల్ అను మహా తత్వవేత్త ఉండెను. న్యాయమును గూర్చియు, స్నేహమును గూర్చియు ఆయన వ్రాసినవి నేటికిని కళాశాలలలో బోధింపబడుచున్నవి. అయితే అదే జ్ఞాని తన రాజనీతి గ్రంథములో, దాసుడు జీవముగల పనిముట్టు అనియు, కొందరు స్వభావముచేతనే దాసులనియు వ్రాసెను. మగ్గము తనంతట తానే నేయగలిగినచో యజమానునికి దాసులతో పని ఉండదని కూడ చెప్పెను.

తరువాత రోమా సామ్రాజ్యములో సెనెకా వంటి స్తోయికులు దాసులును మనుష్యులే అని బోధించిరి. ఆ కాలముననే అపొస్తలుడైన పౌలు ఫిలేమోనుకు చిన్న పత్రిక వ్రాసి, ఒనేసిమును ఇక దాసునిగా కాక ప్రియ సహోదరునిగా చేర్చుకొనుమని వేడుకొనెను. 4వ శతాబ్దమున నీస్సా బిషప్పు గ్రెగొరీ ప్రసంగి గ్రంథమును వివరించుచు, దేవుని స్వరూపమునకు వెల కట్టగలవారెవరని దాసుల యజమానులను నిలదీసెను.

ఇంత వెలుగు పొందియు క్రైస్తవులు తొట్రిల్లిరి. 1550-51 సంవత్సరములలో స్పెయిన్ దేశపు వయ్యదోలిద్ పట్టణమున గొప్ప వాదము జరిగెను. సెపుల్వేదా అను పండితుడు అరిస్టాటిల్ మాటనే ఆధారము చేసికొని, అమెరికా ఆదివాసులు స్వభావముచేత దాసులని వాదించెను. బిషప్పు లాస్ కసాస్ వారి పక్షమున నిలిచి ఎదిరించెను. ఆయన కూడ ఒకప్పుడు ఆదివాసులచే వెట్టి చేయించుకొని, 1514లో దానిని విడిచినవాడే. ఆఫ్రికా దాసులను తెప్పించుమని తాను లోగడ ఇచ్చిన సలహాకు పిమ్మట పశ్చాత్తాపపడెను. సత్యము తెలిసినవారికిని మారుమనస్సు అవసరమని దీనివలన నేర్చుకొనుచున్నాము.

మన దేశములో పుట్టుకనుబట్టి పని నిర్ణయించిన కులవ్యవస్థ ఇట్టిదే. 1912లో దోర్నకల్ మొదటి బిషప్పుగా అభిషేకము పొందిన వి.యస్. అజరయ్యగారు, మాల మాదిగ పల్లెల విశ్వాసుల మధ్య పరిచర్య చేయుచు, సంఘములో కులభేదము కూడదని బోధించిరి. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణము ద్వారా అంటరానితనమును రద్దు చేసెను.

నేడు మగ్గములు యంత్రశక్తితో తామే నేయుచున్నవి. అయినను మనుష్యుని పనిముట్టుగా చూచుట మానలేదు. పాకీపనిని నిషేధించుచు 1993లోను 2013లోను చట్టములు వచ్చినను, మురుగు గుంతలలో దిగి ప్రాణములు కోల్పోవువారు ఇంకను ఉన్నారు. లోకము మాట అటుంచి, మనమేమి చేయుచున్నాము? ఒకే పాత్రలోనిది పానము చేసి, పెండ్లి సంబంధము దగ్గర కులము అడుగుట లేదా? మన ఇంట పాచిపని చేయు సహోదరికి సకాలమున జీతమిచ్చి, మనతోపాటు కూర్చుండబెట్టుకొనుచున్నామా?

పౌలు ఆ పత్రికను ఫిలేమోను ఒక్కనికే వ్రాయలేదు. అతని ఇంట కూడుకొను సంఘమునకును వ్రాసెను. రెండవ శతాబ్దములో అడుగిడుచున్న మనము దానిని మనకే వచ్చిన జాబుగా చదువుకొందము. ఒనేసిమును చేర్చుకొను కృపను ప్రభువు మనకు దయచేయునుగాక.